మందుకు లొంగని రోగాలు: మూసీ బురదలో కూలీల కాళ్లు

హైదరాబాద్ పాతబస్తీ నుంచి నయాపూల్ దాటేటప్పుడు ఒక్క నిమిషం ఆగి కిందికి చూడండి. యీ గట్టున హైకోర్టు, ఆ గట్టున ఉస్మానియా ఆస్పత్రి. నడుమ నల్లగా, నురగలు కక్కుతూ పారేది మూసీ. 2020 జూలైలో కురిసిన వానకు మురుగునీరు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి వచ్చేసింది. మంచాల మీద రోగులు, మంచాల కింద మురుగు. పత్రికలు ఫొటోలు వేశాయి. నాయకులు వచ్చి చూసి పోయారు. ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. మంచిదే. కాని ఆస్పత్రిలోకి ఒకటి రెండు రోజులు వచ్చిన మురుగు మీద అంత గొడవ జరిగింది గదా, అదే మురుగులో ఏడాదికి రెండు పంటలు పిక్కలలోతు దిగి నాట్లేసే కూలి జనం గురించి ఎవరైనా నోరు విప్పారా?

యీ వారం మేం మాట్లాడదలచింది వారి గురించే. విషయం వినటానికి డాక్టర్ల విషయంలాగా కనబడుతుంది. యాంటీబయాటిక్ మందులకు రోగక్రిములు లొంగకుండా పోవటం, కడుపులో పురుగులకు యిచ్చే మందులు గూడ బలం తప్పటం, యిది మనుషులకే గాక పశువులకూ, నీళ్లకూ, నేలకూ సంబంధించిన వ్యవహారం కావటం. కాని కాస్త ఓపిగ్గా చూస్తే, యిది కూలి సమస్య, నీటి సమస్య, ఫ్యాక్టరీ యజమానుల లాభాల సమస్య అని తేలుతుంది. డాక్టర్లకు మాత్రమే వదిలేసే విషయం కాదు.

ముందు లెక్క చెబుతాం. 2022 జనవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రపంచ స్థాయి అధ్యయనం ప్రకారం, 2019 సంవత్సరంలో మందులకు లొంగని సూక్ష్మక్రిముల వల్లనే నేరుగా చనిపోయినవారు ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది. అదే పరిశోధకుల లెక్కల్లో మన దేశం వాటా దాదాపు 2 లక్షల 97 వేలు. ఎయిడ్స్ గాని, మలేరియా గాని ఆ సంవత్సరం ప్రపంచమంతటా తీసిన ప్రాణాలు వేరువేరుగా చూస్తే యింతకన్నా తక్కువే. అయినా దీనికి దండోరా లేదు. ఎందుకంటే యిది మహమ్మారి మాదిరిగా ఒక రోజున వచ్చి పడేది కాదు. కాన్పుకు వెళ్లిన తల్లికి చీము పట్టి తగ్గదు, పసిబిడ్డ నెత్తురు విషమై తగ్గదు, గడ్డపార తగిలిన పుండు మానదు. "పెద్ద మందు రాశాం, పనిచేయలేదు" అంటారు. దహనపత్రంలో వేరే పేరు రాస్తారు.

టైఫాయిడ్ సంగతి చూడండి. ఒకప్పుడు క్లోరాంఫెనికాల్ వేస్తే జ్వరం దిగేది. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ పెద్దయెత్తున వచ్చింది. ఆ తరువాత సిప్రోఫ్లోక్సాసిన్ వచ్చింది. యిరవయ్యేళ్లలో అది గూడ టైఫాయిడ్ ముందు దాదాపు చేతులెత్తేసింది. యిప్పుడు మిగిలిన మందులు ఖరీదైనవి, కొన్ని సూది ద్వారానే యివ్వాలి. సూది అంటే ఆస్పత్రి, ఆస్పత్రి అంటే కూలి పోవటం, అప్పు చేయటం. మందుకు లొంగని రోగం అందరికీ ఒకటే అంటారుగాని, అందులో అప్పుపాలయ్యేది ఎవరో మనకు తెలుసు.

దీనికి బాధ్యులెవరు? ప్రభుత్వ పోస్టర్లు ఏమంటాయి? "చీటీ లేకుండా మాత్రలు కొనకండి, కోర్సు మధ్యలో ఆపకండి." అబద్ధమేమీ కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ గూడ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ, చాలీచాలని మోతాదు వాడితే క్రిమి ముదిరిపోతుందని హెచ్చరించాడు. కాని అది సగం నిజం. నాట్ల రోజుల్లో జ్వరం వచ్చిన కూలిమనిషి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతే ఒక రోజు కూలి పాయె. డాక్టరు లేకపోతే రెండో రోజూ పాయె. వూళ్లో ఆరెంపీ దగ్గర సూది వేయించుకుని, రెండు రోజుల మాత్రలు కొనుక్కుని పనిలోకి పోతాడు. అయిదు రోజుల మాత్రలకు డబ్బెక్కడిది? యిది అజ్ఞానమా, లేమియా?

యీ ప్రశ్నకు సైన్సు కూడా జవాబు చెప్పింది. 2018లో లాన్సెట్ వారి మరో పత్రికలో ఆస్ట్రేలియా తదితర దేశాల పరిశోధకులు అనేక దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. మందులు ఎక్కువ మింగే దేశాల్లోనే మొండి క్రిములు ఎక్కువుంటాయనుకుంటాం గదా, అలా తేలలేదు. మురుగు పారుదల, తాగునీరు, పాలన సక్రమంగా లేనిచోటనే అవి ఎక్కువగా వున్నట్లు తేలింది. పుట్టిన మొండి క్రిమి ఒక మనిషి కడుపులో ఆగిపోతే అది ఒక మనిషి రోగం. మురుగులో పడి, పొలంలోకి వచ్చి, ఆకుకూర మీదెక్కి, యింకొక కడుపులోకి చేరితే అది వూరి రోగం. పోస్టర్లలో మాత్రల సంగతే గాని మురుగు సంగతి రాయరు.

మూసీ వెంట మేం తిరిగాం. అంబర్‌పేట దాటి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఏదులాబాద్ వైపు పోతే పచ్చదనం కళ్లు చెదరగొడుతుంది. మెట్ట జిల్లాలో యింత పచ్చ ఎక్కడిదని ఆశ్చర్యపోనక్కర లేదు. నగరం కడిగిన నీళ్లే దానికి పెట్టుబడి. వరి, పారాగడ్డి, పాలకూర, కొత్తిమీర, పుదీనా. ఎండాకాలంలో గూడ ఆగని నీళ్లు. అందుకే రైతు వదులుకోడు, కూలి జనమూ వదులుకోరు. ఒక మడిలో నాట్లేస్తున్న పెద్దావిడను "కాళ్లెట్ల వున్నయమ్మా?" అని అడిగాం. నవ్వి పాదం ఎత్తి చూపింది. వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు. "ఏం జెయ్యాలె సారూ, దిగితె దురదవెడ్తది, దిగకుంటె కూలి రాదు. రాత్రిపూట కిరసనాయిలు రాసుకుంట" అన్నది. ఆమె పక్కనున్న కోడలు పాలిపోయి వుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని చెప్పింది. ఆస్పత్రిలో నెత్తురు తక్కువున్నదని మాత్రలిచ్చారట.

ఆ పొక్కుల వెనుక ఎవరున్నారో చెప్పుకోవాలి. కొంకిపురుగు అనేది పేగుకు కొక్కెంలాగా తగులుకుని నెత్తురు పీల్చే సన్నని పురుగు. దాని గుడ్లు మలంతో బయటపడతాయి. తడి, నీడ వున్న మట్టిలో పిల్లపురుగులై ఎదురుచూస్తుంటాయి. చెప్పుల్లేని పాదం తగలగానే వేళ్ల సందున తోలు తొలుచుకుని లోపలికి దూరతాయి. అక్కడ పొక్కులు, దురద. నెత్తురు వెంట వూపిరితిత్తులకు పోయి, అక్కడినుంచి గొంతులోకి ఎక్కి, మింగుడుపడి పేగులకు చేరతాయి. ఒక్కో పురుగు రోజుకు పీల్చేది చుక్కలో భాగమే. కాని వందలు చేరినప్పుడు, అందునా పుష్టిలేని తిండి తినే ఆడమనిషిలో, గర్భిణిలో, అదే నెత్తురు చావటానికి చాలు. ఇనుము మాత్రలు పైనుంచి పోస్తుంటే కిందినుంచి పురుగు తాగుతుంటుంది. ఆ కోడలికి మలపరీక్ష చేయించారా అని అడిగాం. అలాంటిది ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మూసీ రైతు కుటుంబాల మీద 2008లో ఒక మంచి పరిశోధన అచ్చయింది. లండన్‌లోని ఉష్ణమండల వైద్య కళాశాలకు చెందిన ఎన్సింక్, ఆయన సహచరులు చేసింది. శుద్ధి చేయని మురుగుతో సాగుచేసే కుటుంబాల్లో, నది నీటితో సాగుచేసేవారికన్నా, కొంకిపురుగు బెడద మూడున్నర రెట్లు ఎక్కువగా కనబడింది. ఏలికపాములు, కొరడాపురుగులు అయిదు రెట్లకు పైగా. అదే బృందం యింకో సంగతి గూడ పట్టుకుంది. మూసీ మీద పాతకాలం నుంచి వున్న కత్వల వెనుక నీళ్లు నిలిచి పారుతుంటే పురుగుల గుడ్లు అడుక్కు దిగిపోతాయి. కిందికి పోయేకొద్దీ నీళ్లు కొంత బాగుపడతాయి. నిజాముల కాలపు రాతి కత్వలు చేసిన పని తరువాతి కాలపు పాలకులు పట్టణం అంచుననే చేసివుండవలసింది. అంత ఖరీదైన శాస్త్రమేమీ కాదు, నిలవ కుంటలు చాలు. వ్యవసాయానికి వాడే మురుగులో లీటరుకు ఒక్క గుడ్డుకు మించి వుండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది 1989 నుంచి.

మందు సంగతి ఏమిటి? దేశంలో 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. ఆల్బెండజోల్ మాత్ర ఒకటి బడిలో, అంగన్‌వాడీలో వేస్తారు. మంచి పని. కాని అది 1 నుంచి 19 ఏళ్లవారికే. పాతికేళ్ల కోడలు, అరవై ఏళ్ల అత్త ఆ లెక్కలో లేరు. తేయాకు తోటల కూలీలు, గని కార్మికుల వంటి పనుల్లో వున్న పెద్దలకు గూడ మాత్ర యివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో రాసింది. మురుగు పొలంలో దిగే కూలి అంతకన్నా తక్కువ ప్రమాదంలో వున్నదా? కొద్ది రూపాయల మాత్ర అది. అయితే మాత్ర ఒక్కటే దారి అని మేం అనటం లేదు. మింగిన నెలలకే ఆమె మళ్లీ అదే మడిలో దిగుతుంది. పైగా ఒకే మందును ఏళ్ల తరబడి పదేపదే వాడితే పురుగులు గూడ ముదురుతాయి. యిది మేం వూహించి చెప్పేది కాదు. గొర్రెల్లో జరిగిపోయింది.

గొర్లకాపరులకు నట్టల మందు కొత్త కాదు. అదే జాతి మందు, ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్. గొర్రె నాలుగో కడుపులో నెత్తురు తాగే నట్ట ఒకటుంది, మంద తెల్లబారి దవడ కింద నీరు దిగి పడిపోతుంది. యీ నట్టలు ఆ మందులకు లొంగటం లేదని మన దేశంలో అనేక చోట్ల, ప్రభుత్వ గొర్రెల క్షేత్రాల్లో గూడ, పశువైద్యులు చూశారు. కారణం తెలిసిందే. తూకం వేయకుండా చేతివాటంగా తాపటం, చిన్నదానికీ పెద్దదానికీ ఒకే కొలత పోయటం, మందు మార్చకపోవటం. కాపరికి త్రాసు ఎవరిచ్చారు? పేడ పరీక్ష చేసే డాక్టరు మంద దగ్గరకు ఎన్నిసార్లు వచ్చాడు? 2017లో తెలంగాణ ప్రభుత్వం యింటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి మందలు లారీలెక్కి వచ్చాయి. గొర్రెతో పాటు దాని కడుపులోని నట్ట గూడ వస్తుంది. దానికి రవాణా ఛార్జీ లేదు.

ఆ గొర్రెలు చివరకు చేరేది ఎక్కడికి? పాతబస్తీని ఆనుకుని, మూసీ గట్టునే వున్న జియాగూడ మండీకి. అక్కడ కోసిన గొర్రె వూపిరితిత్తిలో, కార్జంలో నీళ్లు నిండిన తిత్తులు అప్పుడప్పుడు బయటపడతాయని కసాయి పనివాళ్లందరికీ తెలుసు. పనికిరావని కుక్కలకు విసిరితే, కుక్క పేగులో అది పురుగై, దాని మలంతో గుడ్లు మేత మీద, కూర మీద, పిల్లల చేతుల మీద పడతాయి. మేసిన గొర్రెకు తిరిగి తిత్తి. మింగిన మనిషికి గూడ కార్జంలో తిత్తి, కడుపు కోసి తీయవలసిందే. గొర్రె, కుక్క, మనిషి, గడ్డి: నాలుగింటినీ ఒక్కచోట చూడకుండా యీ రోగం గొలుసు తెగదు. విసిరే ఆ ముక్కలను కాల్చటానికో, లోతుగా పూడ్చటానికో ఏర్పాటు చేస్తే చాలావరకు తెగుతుంది. కోత పనివాడికి జరిమానా రాస్తే తెగదు.

యిప్పుడు మళ్లీ నీళ్ల దగ్గరకు వద్దాం. పురుగు గుడ్లు నగరం మలంతో వచ్చినవి. మూసీకి చేరిన రెండో విషం ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ కంపెనీలు ఎలా వెలిశాయో పాతతరం కార్మికులకు గుర్తుంది. 1960లలో సోవియట్ సహాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ రంగంలో ఐడీపీఎల్ వచ్చింది. జనానికి చౌకగా మందులు యివ్వటం దాని వుద్దేశం. అక్కడ పని నేర్చినవారే తరువాత బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా పరిశ్రమగా తేల్చారు. ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన నేర్పు ప్రైవేటు లాభమైంది. అయితే ఒక మాట చెప్పాలి. ఐడీపీఎల్ గూడ కడిగిన ముత్యమేమీ కాదు, దాని వ్యర్థాలు గూడ కూకట్‌పల్లి నాలా వెంట హుస్సేన్‌సాగర్‌లో కలిశాయి. మనవాళ్ల ఫ్యాక్టరీ అయినంత మాత్రాన నీళ్లకు తేడా తెలియదు.

పటాన్‌చెరు, బొల్లారం పొలాలు ఎండిపోయి, బావులు రంగు మారితే అక్కడి రైతులు, డాక్టర్ కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం ఒక లెక్క అచ్చువేసింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరే పటాన్‌చెరు వుమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నది! మందు మింగిన మనిషి నెత్తురులో వుండేదానికన్నా ఆ నీళ్లలో వున్నది ఎక్కువ. రోజుకు 45 కిలోలు పారుతున్నదని అంచనా. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందుతో అది సమానం. ఆ తరువాత చుట్టుపక్కల వూళ్ల బావుల్లో గూడ మందు తేలింది.

అప్పుడు ఏంచేశారు? ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపారా? లేదు. 18 కిలోమీటర్ల గొట్టం వేసి, ఆ నీళ్లను నగరపు మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట మురుగు కేంద్రం వైపు మళ్లించారు, 2009 ప్రాంతంలో. నక్కవాగు, మంజీర వైపు రైతుల గొడవ తగ్గించటానికి మూసీ రైతు నెత్తిన పోశారన్నమాట. మనుషుల మలంలోని క్రిములు, ఫ్యాక్టరీల మందు ఒకే గొట్టంలో కలిపితే ఏమవుతుంది? మందుకు చచ్చేవి చస్తాయి, చావనివి మిగిలి పెరుగుతాయి. అంతేకాదు, యీ సూక్ష్మక్రిములకు ఒక గుణం వుంది. పొయ్యి వెలిగించటానికి పక్కింటికి నిప్పు యిచ్చినట్లు, మందును తట్టుకునే విద్యను జాతి భేదం లేకుండా పక్క క్రిమికి అందిస్తాయి. 2017లో అచ్చయిన పరిశోధనలో జర్మన్ పరిశోధకులు హైదరాబాద్ చుట్టూ 28 చోట్ల నీళ్లు తీసి చూస్తే, దాదాపు అన్నిచోట్లా పెద్ద మందులకు గూడ లొంగని క్రిములు దొరికాయి. అదే యేడు హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులు మూసీ నీళ్లలో సిప్రో జాతి మందులు పెద్ద మోతాదులో వున్నాయని అచ్చువేశారు.

పాతబస్తీకి యిదంతా అంబర్‌పేట దిగువన జరిగే సంగతి గదా అనిపించవచ్చు. కాని పాతబస్తీ మురుగు కిందికి పోతే, కిందినుంచి పైకి తిరిగొచ్చేవి వున్నాయి. మూసీ మీద కోసిన పారాగడ్డి నగరంలోని బర్రెల కొట్టాలకు వస్తుంది, పాలు గల్లీకి వస్తాయి. కొత్తిమీర, పుదీనా కట్టలు మండీకి వస్తాయి, మండీకి పోయేముందు ఆ కాలువలోనే జాడించి తాజాగా కనబడేట్లు చేస్తారు. బర్రెకు పొదుగువాపు వస్తే యాంటీబయాటిక్ సూది, ఆ పాలు కొన్నాళ్లు పారబోయాలని చీటీ మీద రాసి వుంటుంది. పాలు పారబోసి అప్పు ఎలా తీర్చాలో రాసి వుండదు. ఆ కొట్టాల్లో పేడ ఎత్తే మనిషి, గడ్డి కోసే మనిషి, నాటేసే మనిషి, ముగ్గురూ మనవాళ్లే. ముగ్గురిలో ఎవరి చేతికీ తొడుగు లేదు, కాలికి బూటు లేదు.

కోళ్ల సంగతి మరీ విచిత్రం. ఇక్కడ ఒక తెలుగువాణ్ణి తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. బోదకాలుకు హెట్రజాన్ మందు ఆయన ఆధ్వర్యంలోనే 1947లో వచ్చింది. నేటికీ మన వూళ్లలో బోదకాలు నివారణకు పంచేది అదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ గూడ ఆయన విభాగంలోనే డగ్గర్ కనిపెట్టాడు. పురుగుకొక మందు, సూక్ష్మక్రిమికొక మందు, రెండూ ఆయన చేతికింద నుంచే. ఆయన 1948లో కన్నుమూశాడు. ఆ వెంటనే అదే కంపెనీలో మరో యిద్దరు శాస్త్రజ్ఞులు, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన మడ్డిని దాణాలో కలిపితే కోడిపిల్ల త్వరగా బరువెక్కుతుందని చూశారు. కంపెనీకి రోగుల కన్నా పెద్ద గిరాకీ దొరికింది. జబ్బు లేని కోడికి మందు తినిపించటం ప్రపంచమంతా వ్యాపించింది అక్కడినుంచే.

మన దగ్గర చివరికి కొలిస్టిన్ దాకా వచ్చింది. అన్ని మందులూ విఫలమైనప్పుడు ఆస్పత్రిలో ఆఖరుగా వాడే మందు అది. దాన్ని కోళ్ల దాణాలో కలిపి అమ్మారు. కొలిస్టిన్‌ను ఓడించే జన్యువు ఒక క్రిమి నుంచి యింకొక క్రిమికి పాకుతున్నదని 2015లో చైనాలో పందుల్లో కనుక్కున్నారు. మన ప్రభుత్వం 2019 జూలైలో పశువుల్లో, కోళ్లలో, చేపల్లో దాని వాడకం నిషేధించింది. ఆలస్యమైనా మెచ్చుకోవలసిన పని. అయితే నిషేధం అమలు చూసేదెవరు? షాద్‌నగర్, చేవెళ్ల వైపు కోళ్ల ఫారాల్లో పెంట ఎత్తే కూలీలను అడిగితే, దాణా బస్తాలో ఏముందో తమకు తెలియదన్నారు. ఫారం యజమాని గూడ చాలాచోట్ల కంపెనీకి కిరాయికి కోడిని పెంచేవాడే. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. పెంట మాత్రం రైతు పొలానికి.

పోలిక కోసం కోస్తా రొయ్యలను చూడండి. యాంటీబయాటిక్ జాడలున్నాయని ఐరోపావారు 2016లో మన రొయ్యల సరుకులో తనిఖీని పది శాతం నుంచి యాభై శాతానికి పెంచారు. ఆ దెబ్బకు చెరువుగట్టు దాకా పరీక్షలొచ్చాయి, అధికారులొచ్చారు. ఐరోపా కంచంలోకి పోయే రొయ్యను గ్రాములో కోటానుకోట్ల వంతు దాకా పరీక్ష చేయగలిగిన ప్రభుత్వానికి, మూసీ మడిలో నిలబడిన ఆడకూలి కాలి కింది నీటిని పరీక్ష చేసే తీరిక లేకపోయింది.

తీరిక లేకపోవటమే కాదు, యింకొకటి జరిగింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. ఫ్యాక్టరీ వదిలే నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో, మందు పేరు పేరునా పరిమితులు రాసింది. ప్రపంచంలోనే మొదటిసారి అని దేశదేశాలు మెచ్చుకున్నాయి. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. 2021 ఆగస్టులో తుది ప్రమాణాలు వచ్చేసరికి ఆ పరిమితుల పట్టిక మాయమైంది! తొలగించటానికి ఏ కూలి సంఘాన్ని, ఏ రైతు సంఘాన్ని అడిగారు? 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థే యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ప్రకటించింది. మనం ముందే రాసుకుని, మనమే కొట్టేసుకున్న విషయం అది.

పరిశోధన లేదని ఎవరూ అనలేరు. పరాన్నజీవుల శాస్త్రానికి యీ నగరం పుట్టినిల్లు. 1897 ఆగస్టు 20న సికిందరాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలకు తన వొంటి నెత్తురు తాగించిన రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకొక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు నోబెల్ బహుమతి ముట్టింది. నేడు గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ వుంది. మనిషి, పశువు, పర్యావరణం మూడింటి రోగాలనూ కలిపి చూసేందుకు 2021 అక్టోబరులో 27 సంస్థలతో మొదలైన పథకానికి నాయకత్వం దానిదే. సూక్ష్మక్రిములు, వైరస్‌లు, పరాన్నజీవులు, అన్నీ అందులో వున్నాయి. మేం స్వాగతిస్తున్నాం. కాని హుస్సేన్ ఖాన్ లెక్క మళ్లీ జరగకూడదు. కూలీల నెత్తురు, మలం, బర్రె పాలు నమూనాలుగా తీసుకుపోయేవారు, ఫలితం ఏమిటో వూరి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. యింతవరకు మేం తిరిగిన వూళ్లలో అలాంటి గోడ ఒక్కటీ కనబడలేదు.

మూసీ కోసం డబ్బు లేదన్న మాట యిక చెల్లదు. 2021లో నగరానికి 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి, 3,866 కోట్ల అంచనాతో. మలం, పురుగుల గుడ్లు వాటివల్ల తగ్గుతాయి, తగ్గాలి గూడ. అయితే మలాన్ని శుద్ధి చేసే కేంద్రం ఫ్యాక్టరీ మందును పూర్తిగా పట్టలేదు. దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే పట్టాలి. మరోవైపు నదీతీర సుందరీకరణ. 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో చాదర్‌ఘాట్ పక్కన మూసానగర్, శంకర్‌నగర్ యిళ్లు కూల్చారు. యిళ్ల పని చేసుకునే ఆడవాళ్లు, బండ్లు తోసేవాళ్లు సామాను నెత్తికెత్తుకుని పోయారు. నది మురికిని చేసింది వాళ్లన్నట్లు ముందు వాళ్లను కదిలించారు. సిప్రో వదిలినవాడి గోడ నుంచి ఒక్క యిటుక కదిలిందా?

కూలి సంఘాల కార్యకర్తలు యీ నాట్ల లోపల చేయగలిగినవి కొన్ని వున్నాయి. మూసీ కింది ప్రతి వూళ్లో మురుగు మడిలో దిగేవారి పేర్లు రాయండి, వయసుతో సహా. వారికి మలపరీక్ష, ఏడాదికి రెండుసార్లు పురుగుల మాత్ర, రక్తపరీక్ష అడగండి, ఆరోగ్య కేంద్రం డాక్టరును, మండల అధికారిని లిఖితంగా అడగండి. రబ్బరు బూట్లు కూలి ఒప్పందంలో పెట్టించండి. బురదలో బూటు కూరుకుపోతుందని, నాటు చురుగ్గా సాగదని రైతులు అంటారు, కొంతవరకు నిజమే. మడి గట్టున, ఆకుకూర మడుల్లో, గడ్డి కోతలో మాత్రం ఆ సాకు చెల్లదు. కాళ్లు కడుక్కునే బోరు నీళ్లు పొలం దగ్గర వుండాలి. పేద రైతుకు బూట్ల ఖర్చు బరువైతే అది నగరం భరించాలి, నగరం మురుగే గదా. కాపరుల సంఘాలు పేడ పరీక్ష అడగాలి, త్రాసు అడగాలి. యిక 2020 నాటి పరిమితుల పట్టికను తిరిగి తెమ్మని, శుద్ధి కేంద్రాల నీళ్లలో మందు పరీక్ష ఫలితాలను నెలనెలా బయటపెట్టమని కాలుష్య నియంత్రణ మండలి గుమ్మం ముందు అడగటానికి పాతబస్తీ జనం, మూసీ కింది వూళ్ల జనం కలిసి రావలసి వుంది. యింతకాలం వేరువేరుగా పోయారు. పైవాళ్లు యిళ్ల కోసం, కిందివాళ్లు నీళ్ల కోసం.

మేం తిరిగి వచ్చేటప్పుడు ఆ పెద్దావిడ నాటు ముగించి గట్టెక్కింది. కాళ్లు కడుక్కోవటానికి అదే కాలువలో దిగింది.